మనవరాలి టీకాలు, నా ఫోను నంబరు

తొలి కాన్పుకు చెన్నైలోని మా ఇంటికి వచ్చిన అమ్మాయి, మూడో నెల నిండగానే బిడ్డను తీసుకుని బెంగళూరులోని అత్తవారింటికి వెళ్లిపోయింది. మనవరాలు వెళ్లినా దాని టీకాల లెక్క మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. గర్భం ఏడో నెలలో ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించుకున్న రోజున అమ్మాయి తన ఫోనును ఇంట్లో ఛార్జింగులో పెట్టి వచ్చింది. నర్సమ్మ నంబరు అడిగితే నేను నాది చెప్పాను. ఆ తరువాత బిడ్డకు పద్నాలుగో వారపు టీకాల గడువు వచ్చిందని నా ఫోనుకే సందేశం వచ్చింది. కంగారుపడి ఫోను చేస్తే, "ఆ సూదులు వేయించి నాలుగు రోజులయింది నాన్నా" అంది. వేయించింది వాళ్ల ఇంటి దగ్గరి ఒక ప్రైవేటు క్లినిక్కులో. కార్డు మీద రాసి ముద్ర వేశారు గాని, కంప్యూటరులో ఎక్కించలేదు. అందువల్ల బిడ్డ ఒంట్లో టీకా ఉంది, దేశం లెక్కలో లేదు.

ఈ లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోవాలన్న ఆసక్తి నాకు అప్పుడు పుట్టింది. టీకాల నమోదు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కోవిడ్ టీకాల కోసం పెట్టిన కోవిన్. 2021 జనవరి 16న మొదలై 220 కోట్లకు పైగా డోసులను రాసుకున్న ఆ వ్యవస్థలో, టీకా కావలసినవాడు తానే వచ్చి పేరు చెప్పుకునేవాడు; వేయించుకున్నాక ధ్రువపత్రం తీసుకుని వెళ్లేవాడు. పసిబిడ్డల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. బిడ్డ తానుగా రాదు, తెచ్చేవారు మరచిపోవచ్చు, ఊరు మారవచ్చు. కాబట్టి వచ్చినవారిని రాసుకోవడం చిన్న పని. రావలసి ఉండీ రానివారెవరో పేరుతో సహా చెప్పగలగడమే ఈ పట్టిక అసలు పని. అది జరగాలంటే మొదటి సూదికి ముందే, ఆ మాటకొస్తే బిడ్డ పుట్టకముందే, పట్టికలో ఒక వరుస తెరిచి ఉండాలి.

అందుకే ఇది తల్లితో మొదలవుతుంది. గర్భిణి పేరు నమోదైనప్పుడు ఆమెకు ఒక సంఖ్య ఇస్తారు. తమిళనాడులో పిక్మీ అనే వ్యవస్థ ద్వారా వచ్చే ఆ సంఖ్య లేనిదే బిడ్డ జనన ధ్రువపత్రానికి ఇబ్బంది అవుతుంది గనుక, ఇక్కడ ఎవరూ దాన్ని నిర్లక్ష్యం చేయరు. ప్రసవం కాగానే బిడ్డ వరుస తల్లి వరుసకు ముడిపడుతుంది. పుట్టినప్పుడు వేసే క్షయ టీకా బీసీజీ, పోలియో చుక్కల సున్నా డోసు, 24 గంటల్లోపు పడవలసిన హెపటైటిస్ బి టీకా అందులో మొదటి గళ్లను నింపుతాయి. ఆపై ఆరు, పది, పద్నాలుగు వారాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది: తరువాతి తేదీని పుట్టినరోజు నుంచి మాత్రమే లెక్కించరు. ఒకే టీకా రెండు డోసుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి కాబట్టి, మొదటిది ఎనిమిదో వారంలో పడితే రెండోది పన్నెండో వారానికి జరుగుతుంది. ప్రతి బిడ్డకూ ఈ జరుగుబాటు వేరువేరుగా ఉంటుంది గనుక, ఫలానా వారం ఫలానా కేంద్రానికి ఎవరు రావాలో తేల్చే జాబితా వారం వారం మారుతూనే ఉంటుంది.

కంప్యూటర్లు రాకముందు ఈ పనిని ఒక గుడ్డ సంచి చేసేది. ఊళ్లలో టీకాలు వేసే నర్సమ్మలైన ఏఎన్ఎంల దగ్గర పద్నాలుగు జేబులున్న సంచి ఉండేది: నెలకొకటి చొప్పున పన్నెండు; టీకాలన్నీ పూర్తయిన పిల్లలకు ఒకటి; ఊరు విడిచినవారికి, మధ్యలో మానేసినవారికి, చనిపోయినవారికి కలిపి ఒకటి. తల్లికిచ్చే కార్డు నుంచి చింపిన రెండో ముక్కను, బిడ్డ మళ్లీ ఏ నెలలో రావాలో ఆ నెల జేబులో వేసేవారు. నెలాఖరున ఆ జేబులో ఏ ముక్క మిగిలిందో ఆ బిడ్డ రాలేదన్నమాట. ఆ ఇంటి తలుపు తట్టాలి. నేను చూసిన సమాచార వ్యవస్థలన్నింటిలో ఇంత పొదుపైనది మరొకటి లేదు. దాని లోపం ఒక్కటే, సంచి ఊరు దాటి వెళ్లలేదు.

మన ఆచారం చూడబోతే ఆ లోపం మీదే దెబ్బ కొడుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో, పెంపకం అత్తింట్లో. కాన్పు రాష్ట్రం ఒకటి, తొమ్మిదో నెల టీకా రాష్ట్రం మరొకటి. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, 2024 అక్టోబరు 29న దేశమంతటికీ ప్రారంభమైన యూవిన్ అనే టీకాల నమోదు వ్యవస్థ ఉద్దేశం ఈ రెండు ఊళ్లనూ ఒకే వరుసలో చూపడమే. గర్భిణులు, పదహారేళ్ల లోపు పిల్లలు అందులోకి వస్తారు. ఎక్కడ టీకా వేయించినా అదే వరుసలో పడాలి, గడువుకు ముందు సందేశం రావాలి.

పడాలి అన్నాను గాని, మా మనవరాలి విషయంలో పడలేదు. కారణం బద్ధకం ఒక్కటే అనుకోను. ప్రభుత్వ కేంద్రంలో ఐదు వ్యాధులకు పెంటావాలెంట్ సూది, పోలియోకు వేరే సూది వేస్తారు. ప్రైవేటులో చాలాచోట్ల ఆరింటికీ కలిపి ఒకే సూది. పట్టిక దాన్ని ఒక గడిగా కాక, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బాక్టీరియా జబ్బు, పోలియో అనే ఆరు గళ్లుగా అర్థం చేసుకోవాలి. లేకపోతే పోలియో సూది బాకీ ఉందని మళ్లీ అడుగుతుంది. ఇక కాగితం రిజిస్టరులో ఒకసారి, ఫోనులో ఒకసారి రాసే నర్సమ్మల శ్రమను తలచుకుంటే ఎవరినీ తప్పు పట్టబుద్ధి కాదు.

కార్డు విలువ మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 12 నుంచి 23 నెలల పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పూర్తయినవారు కార్డును గాని తల్లి జ్ఞాపకాన్ని గాని బట్టి చూస్తే 76.4 శాతం, కార్డు చూపినవారిలో మాత్రమే చూస్తే 83.8 శాతం. కార్డు పోగొట్టుకున్న ఇంట్లో తల్లి జ్ఞాపకమే సాక్ష్యం, పది నెలల కిందటి సూది ఏదో ఎవరికి గుర్తుంటుంది?

టీకా మందుకూ ఒక పట్టిక ఉంది. ఈవిన్ అనే వ్యవస్థ నిల్వలను, బ్యాచి నంబర్లను, టీకాల ఫ్రిజ్‌లో వేడిమి 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలుస్తోందా అన్నదాన్ని కనిపెట్టి ఉంటుంది. కోవిన్‌ను కట్టింది దాని పునాది మీదే.

చివరకు అమ్మాయి కార్డు పట్టుకుని దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడి నర్సమ్మ కార్డు చూసి పాత డోసులు ఎక్కించింది. ఆ సాయంత్రం అమ్మాయి తన ఫోనులో సరిచూసుకోబోతే ఓటీపీ నాకు వచ్చింది. కూరగాయల బండి దగ్గర నిలబడి అంకెలు ఒక్కొక్కటిగా చదివి చెప్పాను. ఇక తొమ్మిదో నెలలో తట్టు-రుబెల్లా టీకా, విటమిన్ ఏ. ఈలోగా నంబరు మార్పించుకోమన్నాను. "వద్దులే నాన్నా, నీకు వస్తేనే నువ్వు నాకు ఫోను చేసి గుర్తు చేస్తావు" అంది.