పీసీఆర్ ట్యూబులోకి చేరే రక్తం ఎంత?

పీసీఆర్ అంటే క్రిమి డీఎన్‌ఏకి పదేపదే కాపీలు తీసి దాన్ని పట్టుకునే పరీక్ష. జ్వరంతో వచ్చిన మనిషి దగ్గర 3 మి.లీ. రక్తం తీస్తాం. అందులో 200 మైక్రోలీటర్లు ఎక్స్‌ట్రాక్షన్‌కి, అంటే డీఎన్‌ఏని విడదీయడానికి పోతుంది. కడిగి, వడకట్టి, చివరికి డీఎన్‌ఏని 50 మైక్రోలీటర్ల బఫర్ ద్రావణంలోకి దింపుతాం. పీసీఆర్ ట్యూబులో పడేది ఆ యాభైలో 5 మాత్రమే. లెక్కేస్తే ఆ ట్యూబు చూసింది 20 మైక్రోలీటర్ల రక్తాన్ని, చుక్కలో సగం కూడా కాదు. మిల్లీలీటరుకి 10 క్రిములున్నాయనుకోండి, ఒక్కో క్రిమికి ఒకే కాపీ ఉండే జన్యువుని కిట్ వెతుకుతుందనుకోండి. డీఎన్‌ఏ రవ్వంత కూడా నష్టపోకపోయినా ఐదుసార్లలో నాలుగుసార్లు ఆ ట్యూబులో క్రిమి ఉండదు. లేనిదాన్ని ఎంత ఖరీదైన కిట్ అయినా పట్టుకోలేదు.

అందుకే కిట్ కంపెనీ పేరు కంటే ముందు అడగాల్సింది ఏ శాంపిల్, ఎన్నో రోజున తీసింది అని. చిన్న పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం స్క్రబ్ టైఫస్ దీనికి మంచి ఉదాహరణ. రక్తంలో ఆ క్రిమి చాలా తక్కువగా తిరుగుతుంది. పురుగు కుట్టినచోట ఏర్పడే నల్లటి పెచ్చులో మాత్రం దండిగా ఉంటుంది. చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర సిగరెట్టుతో కాల్చినట్టు కనిపించే ఆ మచ్చ నొప్పి పెట్టదు కాబట్టి రోగికి తెలియకపోవచ్చు, మనమే వెతకాలి. దొరికితే పెచ్చుని మెల్లగా లేపి పొడి స్టెరైల్ ట్యూబులో వేసి పంపడమే మేలు. కృష్ణా డెల్టా వరి పొలాల్లో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి సోకే లెప్టోస్పైరోసిస్ జ్వరానికి రోజుల లెక్క ముఖ్యం: మొదటి వారం రక్తం, ఆ తర్వాత మూత్రం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగినప్పటిలా వరదనీళ్లలో నడిచినవాళ్లు జ్వరంతో వస్తే ఈ లెక్క గుర్తుండాలి. పదో రోజున వచ్చిన రోగి రక్తానికి పీసీఆర్ చేసి నెగెటివ్ ఇస్తే డాక్టరుని తప్పుదారి పట్టించినట్టే.

రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ పీసీఆర్ ఎంజైముని అడ్డుకుంటుంది, ఎక్స్‌ట్రాక్షన్‌లో కూడా పూర్తిగా పోదు. ఇలాంటి అడ్డంకిని పట్టించేది ఇంటర్నల్ కంట్రోల్, అంటే పరీక్ష నడిచిందో లేదో చూడటానికి అదే ట్యూబులో వెతికే వేరే డీఎన్‌ఏ. కాపీలు పెరిగితే మెషీన్‌లో గ్రాఫ్ పైకి లేస్తుంది. దాని గ్రాఫ్ లేవకపోతే, టార్గెట్ (మనం వెతికే క్రిమి జన్యువు) కూడా కనిపించకపోతే, అది నెగెటివ్ కాదు, టెస్టు జరగలేదని అర్థం. డీఎన్‌ఏని చిన్న వడపోత గొట్టంలో (కాలమ్) పట్టి కడిగే కిట్లలో ఇంకో కారణం ఎక్కువ చూస్తాం: వాష్ బఫర్‌లోని ఆల్కహాల్ మిగిలిపోవడం. చివరి వాష్ తర్వాత ఖాళీ కాలమ్‌ని మరోసారి ఫుల్ స్పీడులో తిప్పితే ఇది పోతుంది. అలాగే కొత్త వాష్ బఫర్ సీసాలో ఇథనాల్ కలిపిన వెంటనే మూత మీద తేదీ రాయాలి. షిఫ్టు మారినప్పుడు ‘కలిపారా లేదా’ అన్న అనుమానంతోనే కిట్లు పాడవుతాయి.

టీబీ దగ్గర శాంపిల్ గొడవ ఇంకా ఎక్కువ. కావాల్సింది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గళ్ల, ఉమ్మి కాదు. నోరు నీళ్లతో పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయమని చూపించి చెప్పాలి. డబ్బా చేతిలో పెట్టి పంపేస్తే వచ్చేది ఉమ్మే. కార్ట్రిడ్జి అనే ప్లాస్టిక్ డబ్బీలో టీబీ పీసీఆర్ తనంతట తానే చేసే సీబీనాట్ మెషీన్‌కి ఒక వంతు గళ్లకి రెండు వంతుల శాంపిల్ రీయేజెంట్ పోయాలి. మూత బిగించి గట్టిగా ఊపి, 15 నిమిషాలు గది వేడిలో ఉంచాలి, మధ్యలో ఇంకోసారి ఊపాలి. గడ్డలు లేకుండా నీళ్లలా జారితేనే 2 మి.లీ. కార్ట్రిడ్జిలో వేయాలి. తొందరపడి చిక్కటిది వేస్తే లోపల ప్రెషర్ పెరిగి ఎర్రర్ 2008 వస్తుంది, కార్ట్రిడ్జి దండగ. ఎర్రర్, ఇన్‌వ్యాలిడ్, నో రిజల్ట్ మూడూ ఒకటి కావు. ఇన్‌వ్యాలిడ్ అంటే కార్ట్రిడ్జిలోని కంట్రోల్ పనిచేయలేదని, ఎక్కువగా శాంపిల్‌లో అడ్డంకి ఉందని. నో రిజల్ట్ సాధారణంగా కరెంటు పోయినప్పుడో, మధ్యలో ఆపినప్పుడో వస్తుంది. మూడింటికీ కొత్త కార్ట్రిడ్జితో మళ్లీ చేయాల్సిందే గానీ సరిచేయాల్సింది మాత్రం వేరువేరు.

ఆ కార్ట్రిడ్జిలు ఉంచాల్సిన వేడి 2 నుంచి 28 డిగ్రీలు. రోహిణీ కార్తెలో బెజవాడలో రాత్రి ఏసీ ఆపేస్తే తెల్లారేసరికే గది ఆ గీత దాటి ఉంటుంది. స్టోర్ గదిలో గరిష్ఠ, కనిష్ఠ వేడి రెండూ చూపే థర్మామీటర్ పెట్టి, పొద్దున్నే రాసుకోవాలి. మైనస్ 20లో పెట్టే పీసీఆర్ కిట్లకి ఇంకో ప్రమాదం ఉంది. ఇంట్లో వాడే ఫ్రాస్ట్‌ఫ్రీ ఫ్రిజ్ ఐసు కరిగించుకోడానికి తనంతట తానే వేడెక్కుతూ ఉంటుంది. ఎంజైము, ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) అందులో పెట్టకూడదు. ప్రైమర్లు, కాపీలు పెరిగితే వెలుగిచ్చే ప్రోబ్ కలిసిన మిశ్రమాన్ని వచ్చినరోజే చిన్న ట్యూబుల్లోకి పంచి, రేకు చుట్టి పెట్టుకుంటే కరగడం, గడ్డకట్టడం తగ్గుతుంది, వెలుతురుకి ప్రోబ్ చెడదు.

ఎంజైము, ప్రైమర్లు, ప్రోబ్ ఉండే పీసీఆర్ మిక్సు కలిపేటప్పుడు: 20 శాంపిళ్లు, పాజిటివ్ కంట్రోల్ (క్రిమి డీఎన్‌ఏ ఉన్నది), నీళ్ల కంట్రోల్ (శాంపిల్ బదులు నీళ్లు), ఎక్స్‌ట్రాక్షన్ కంట్రోల్ కలిపి 23 ట్యూబులు. టిప్పులకి అంటుకుపోయేదానికి పది శాతం చేర్చి 25కి కలపాలి. ఎంజైము గ్లిసరాల్‌లో ఉంటుంది, టిప్పు లోతుగా ముంచితే బయట అంటుకున్నది కూడా పడి లెక్క తప్పుతుంది. కొన తాకించి నిదానంగా లాగాలి. ఎంజైముని వోర్టెక్స్ (మెషీన్ మీద గిరగిరా కుదపడం) చేయకూడదు. ముందు నీళ్ల కంట్రోల్, తర్వాత శాంపిళ్లు వేసి వాటి మూతలు వేశాకే, ఆఖరున పాజిటివ్ కంట్రోల్ తెరవాలి.

నీళ్ల కంట్రోల్‌లో గ్రాఫ్ లేస్తే ఆ రన్ మొత్తం ఆపాలి, ‘ఆలస్యంగా లేచింది కదా’ అని వదలకూడదు. 40 సైకిళ్లయ్యాక ఒక్కో పాజిటివ్ ట్యూబులో కోట్లకొద్దీ కాపీలు ఉంటాయి. ఆ మూత ఒక్కసారి తెరిస్తే గది గాలిలోకి చేరి వారాలపాటు దొంగ పాజిటివ్‌లు ఇస్తుంది. రన్ అయిన ట్యూబుల్ని తెరవకుండా జిప్ కవర్లో వేసి బయటికి పంపాలి, ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు. మిక్సు కలిపే గది, శాంపిల్ వేసే గది, మెషీన్ గది వేరుగా ఉండాలి. కోటు, పిప్పెట్లు కూడా వేరే. మనిషి ఆ వరసలోనే ముందుకి వెళ్లాలి, వెనక్కి రాకూడదు. స్పిరిట్‌తో తుడిస్తే క్రిమి చస్తుంది గానీ డీఎన్‌ఏ పోదు. దానికి హైపోక్లోరైట్ కావాలి: 5 శాతం ద్రావణం ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు, ఏ రోజుది ఆ రోజే కలిపి, పది నిమిషాలు ఉంచి, నీళ్లతో తుడవాలి. మన ఎండలకి నిన్న కలిపింది నీరసిస్తుంది. ఒక్క హెచ్చరిక: ఎక్స్‌ట్రాక్షన్‌లో కణాల్ని పగలగొట్టే, గ్వానిడిన్ ఉన్న లైసిస్ బఫర్ ఒలికినచోట హైపోక్లోరైట్ పోయవద్దు, విషవాయువు వస్తుంది. అక్కడ ముందు సబ్బునీళ్లతో తుడిచెయ్యాలి.

సీటీ (గ్రాఫ్ లేచిన సైకిల్ నంబరు) 37, 38 దగ్గర లేచిన గ్రాఫ్‌ని చూసి వెంటనే పాజిటివ్ అనొద్దు, ఎక్స్‌ట్రాక్షన్ నుంచి మళ్లీ చేయాలి. మూడు సైకిళ్లపైచిలుకు తేడా ఉంటే డీఎన్‌ఏ పది రెట్లు తేడా ఉన్నట్టు లెక్క.

టీబీలో సీబీనాట్ కొత్త రకం అల్ట్రా కార్ట్రిడ్జి మిల్లీలీటరుకి 16 క్రిముల దాకా పట్టగలదు, మైక్రోస్కోపుకి వేలల్లో కావాలి. అంత సున్నితం కాబట్టే చచ్చిన క్రిమి డీఎన్‌ఏ కూడా కనపడుతుంది. మందులు పూర్తిచేసిన మనిషికి నెలల తర్వాత కూడా ‘ట్రేస్’ (అతి తక్కువ డీఎన్‌ఏ దొరికిందని) రావచ్చు. చికిత్స పనిచేస్తోందా అని చూడటానికి ఈ కిట్ వాడకూడదు, గళ్ల స్మియర్ (మైక్రోస్కోపు కింద చూడటం), కల్చర్ (క్రిమిని పెంచడం) చూడాలి. శాంపిల్ ఫారంలో ‘గతంలో టీబీ మందులు వాడారా, ఎప్పుడు ఆపారు’ అన్న గడి తప్పక ఉండాలి. అది ఖాళీగా వస్తే ట్రేస్ రిపోర్టు పంపేముందు డాక్టరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి.