నాలుగెకరాలకు 45 హెచ్‌పీ బండి అవసరమా?

చిన్న కమతం వాళ్లు ట్రాక్టర్ షోరూంకి వెళ్లి మొదట అడిగేది హెచ్‌పీ ఎంత అనే. నన్నడిగితే ముందు టేపు పట్టుకుని పొలానికి వెళ్లండి అంటాను. సాలుకీ సాలుకీ మధ్య ఎంత ఎడముంది, మామిడి కొమ్మ ఎంత ఎత్తులో ఉంది, ఈ రెండూ కొలిస్తే 45 హెచ్‌పీ పెద్ద బండా, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరా అన్న సంగతి సగం తేలిపోతుంది.

మాది రెండెకరాల పత్తి, రెండెకరాల మామిడి. పత్తి సాళ్ల ఎడం మూడడుగులు. అందులోకి 45 హెచ్‌పీ బండిని దించాలంటే చక్రాల ఎడం ఆరడుగులకు సర్దాలి, అప్పుడు రెండు సాళ్లు బండి కిందికి వస్తాయి. లెక్కకు బాగానే ఉంటుంది గానీ, 13.6 సైజు వెనక టైరు వెడల్పే దాదాపు 14 అంగుళాలు, అంటే 36 అంగుళాల సందులో టైరుకు అటు 11, ఇటు 11 అంగుళాలే మిగులుతాయి, మొక్క కాస్త గుబురెక్కిందంటే కొమ్మలు టైరు కిందే. పైగా ఎడం మార్చడమంటే జాకీ పెట్టి, బోల్టులు విప్పి, రిమ్ము తిరగేసి బిగించి, ముందు ఇరుసు కూడా సర్దాలి. కిరాయి బండివాడు మన రెండెకరాల కోసం అంత పని పెట్టుకుంటాడా?

మినీ బండి సాళ్ల మధ్యలోంచి దూరిపోతుందని చాలామంది అనుకుంటారు. 24 హెచ్‌పీ రకాలు చాలావరకు మూడడుగుల సందులో పట్టవు, ఒక సాలు మీదుగా నడుస్తాయి. కింద ఖాళీ అడుగు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మొక్క మోకాలెత్తు వచ్చేదాకానే దాని పని, ఆ తర్వాత అరకైనా ఉండాలి, కలుపు తీసే చిన్న యంత్రం పవర్ వీడరైనా ఉండాలి. 2021లో వచ్చిన స్వరాజ్ కోడ్ లాంటి 11 హెచ్‌పీ పెట్రోల్ బండ్లు ఇంకా సన్నగా ఉంటాయి, కానీ దుక్కికి వాటిమీద ఆశ పెట్టుకోవద్దు.

పంట మీదుగా నడిచే బండి వేరు, మిగతా పనుల బండి వేరు అన్న తేడాను అమెరికా వాళ్లు ఎప్పుడో పట్టుకున్నారు. 1924లో ఫార్మాల్ అనే ట్రాక్టర్ వచ్చింది సాళ్ల పంట మీదుగా నడవడానికే, అందుకే ఎత్తుగా ఉంటుంది. ఇంటి పని, గడ్డి కోత, లోడర్ పనికి కిందికి కూర్చున్నట్టుండే యుటిలిటీ రకాలు వేరు. ఎత్తు బండి పంటకు మంచిది, గట్టు వాలులో ఒరిగే భయం మాత్రం దానికే ఎక్కువ.

మామిడి తోటలో నాకు అనుమానమే లేదు, మినీయే. పెద్ద బండికి బానెట్ పైకి నిలువుగా లేచిన సైలెన్సర్ గొట్టం ఉంటుంది చూడండి, కాయలతో వంగిన కొమ్మ సరిగ్గా దానికే తగులుతుంది. డ్రైవర్ తల వంచుకుంటాడు, గొట్టం వంచుకోదు కదా!

మరి వేసవి దుక్కి? నెర్రెలిచ్చిన నల్లరేగడిలో లోతు దున్నాలంటే బరువున్న బండే కావాలి. దానికి ఏడాదికి ఒకటి రెండు సార్లు కిరాయి ఇచ్చేయడమే మేలు, అంతమాత్రానికి ఏడాదంతా ఈఎంఐ టెన్షన్ ఎందుకు? ఊళ్లో నలుగురికీ కిరాయికి తోలి, ట్రాలీ తిప్పి సంపాదిద్దామనుకుంటే మాత్రం 45 హెచ్‌పీ కొనండి, అది వేరే లెక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి ఏది కొన్నా కొంత కలిసొస్తుంది.

మినీకి వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే రోటావేటర్ తీసుకునేటప్పుడు ఇంకోటి చూసుకోండి. దాని వెడల్పు వెనక టైర్ల బయటి అంచు దాకా రావాలి, లేకపోతే టైరు తొక్కిన చోట నేల గట్టిగా అలాగే ఉండిపోతుంది.