ఇంటు ద బ్రీచ్: బలం ఉన్నచోటే బలహీనత

టర్న్ బేస్డ్ గేములు ఆడేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. తగిలే అవకాశం 95 శాతం అని తెరమీద చూపించి, తీరా కాల్చాక గురి తప్పడం. ఎక్స్‌కామ్ తరహా గేముల ఉత్కంఠ అంతా ఆ మిగిలిన 5 శాతంలోనే ఉంటుంది, చిరాకు కూడా అక్కడే. 2018 ఫిబ్రవరిలో సబ్‌సెట్ గేమ్స్ విడుదల చేసిన ఇంటు ద బ్రీచ్ ఈ శాతాలను దాదాపు పూర్తిగా తీసేసింది. మీ గురి తప్పదు. ఎంత డ్యామేజ్ అవుతుందో ముందే తెలుసు. శత్రువు ఏ గడిని కొట్టబోతున్నాడో కూడా ముందే కనిపిస్తుంది.

అంతమాత్రాన అదృష్టం ఆటలోంచి వెళ్లిపోలేదు. మిగతా గేముల్లో మనం నిర్ణయం తీసుకున్నాక పాచికలు పడతాయి, ఇక్కడ నిర్ణయానికి ముందే పడిపోతాయి. ఈ గేమ్‌లో గొప్పగా ఉన్నవీ, ఇబ్బంది పెట్టేవీ చాలావరకు ఈ ఒక్క మార్పులోంచే పుట్టాయి.

బోర్డు ఎనిమిదికి ఎనిమిది, మొత్తం 64 గళ్లు. మన చేతిలో మూడు మెక్‌లు, అంటే పైలట్లు నడిపే భారీ రోబోలు. ఎదురుగా నేలలోంచి పుట్టుకొచ్చే వెక్ అనే పురుగులు. ముందు వెక్‌లు కదిలి గురి పెట్టి ఆగుతాయి, తర్వాత మన వంతు, ఆ తర్వాతే వాటి దెబ్బలు పడతాయి. ఒక్కో మెక్ కదిలి ఒక పని చేయొచ్చు. ఆయుధం వాడాక ఇక కదలలేదు. ఎక్కువ మిషన్లు నాలుగైదు టర్నుల్లో అయిపోతాయి. వెక్‌లన్నిటినీ చంపాలన్న నియమం లేదు, గడువు దాకా భవనాలను నిలబెడితే చాలు. భవనానికి జరిగే ఒక్కో డ్యామేజ్‌కి గ్రిడ్ పవర్, అంటే ఆట మొత్తానికి మన ప్రాణం, ఒకటి తగ్గుతుంది. దాని గరిష్ఠం 7. సున్నాకు వస్తే ఆట అయిపోయినట్టే, ఒక్క పైలట్ మాత్రం ఇంకో కాలరేఖకు దూకి కొత్త ఆటలో మీతో ఉంటాడు.

మూడేసి మెక్‌ల దళాల్లో మొదట దొరికే రిఫ్ట్ వాకర్స్‌తో ఒక చిన్న సందర్భం చూద్దాం. ఒక వరుసలో ఎడమ చివర ఫైర్‌ఫ్లై అనే, దూరం నుంచి తూటా కాల్చే వెక్ ఉంది, కుడివైపుకి గురి పెట్టింది. దాని ముందు మూడు ఖాళీ గళ్లు, ఆ తర్వాత భవనం. ఆ మూడింటిలో నడిమి గడికి సరిగ్గా కింద హార్నెట్ అనే, పక్క గడిని కుట్టే వెక్ ఉంది. అది కూడా కుడివైపే చూస్తూ, తన పక్కనే ఉన్న రెండో భవనాన్ని కుట్టబోతోంది. రెండు శత్రువులు, రెండు భవనాలు. ఒక్కో శత్రువుకు ఒక్కో మెక్‌ని కేటాయించాలనిపించడం సహజం. అంత అవసరం లేదు. కానన్ మెక్‌ని హార్నెట్ కింది నిలువు వరుసలో నిలబెట్టి పైకి కాల్చండి. ఆ గుండు 1 డ్యామేజ్ చేసి, హార్నెట్‌ని ఒక గడి పైకి నెడుతుంది. ఇప్పుడది ఫైర్‌ఫ్లై తూటాకి అడ్డంగా ఉంది. దాని కొండి దిశ మారదు కానీ చోటు మారింది కాబట్టి ఖాళీ గడిని కుడుతుంది. మామూలు హార్నెట్ ప్రాణం 2. మీ గుండుకి ఒకటి పోయింది, ఫైర్‌ఫ్లై తూటాకి రెండోది పోతుంది. ఒక్క గుండుతో రెండు భవనాలు దక్కాయి, ఒక వెక్‌ని ఇంకో వెక్కే చంపింది. మిగతా రెండు మెక్‌లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఈ గేమ్ ఎందుకు మనసులో పడుతుందో చెప్పమంటే నేను చూపించేది ఇలాంటి టర్నునే. చంపడం కంటే నెట్టడం విలువైనదని నోటితో చెప్పకుండా చేతికి నేర్పిస్తుంది.

అదే హార్నెట్ ఆల్ఫా రకమైతే, అంటే మామూలుదానికంటే బలమైనదైతే, లెక్క తలకిందులవుతుంది. ఆల్ఫా హార్నెట్ ప్రాణం 4, కొండి ముందున్న రెండు గళ్లదాకా పోతుంది. పైకి నెట్టినచోట నుంచి రెండో గడి మొదటి భవనమే. ఫైర్‌ఫ్లై తూటా తగిలినా అది చావదు, కాబట్టి మీరు కాపాడాననుకున్న భవనాన్ని అదే కుడుతుంది. కొత్తవాళ్ల గ్రిడ్ కరిగిపోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లే. నెట్టేముందు శత్రువు మీద మౌస్ పెట్టి అది ఎన్ని గళ్లు కొడుతుందో, ప్రాణం ఎంతో చూసుకోవాలి.

ఇంకో సాధారణ పొరపాటు, నెట్టిన శత్రువు వెళ్లి భవనానికే గుద్దుకోవడం. ఏదైనా అడ్డొస్తే గుద్దుకున్న రెండింటికీ 1 డ్యామేజ్. అడ్డొచ్చింది భవనమైతే గ్రిడ్ పోతుంది. ఇదే నియమాన్ని మనకు అనుకూలంగా కూడా తిప్పుకోవచ్చు. పెంకు ఉన్న శత్రువుల మీద ఆయుధం డ్యామేజ్ ఒకటి తగ్గుతుంది, గుద్దుకున్న డ్యామేజ్ మాత్రం తగ్గదు. అందుకే వాటిని కొండకో, ఇంకో వెక్‌కో గుద్దించాలి, లేదంటే నీళ్లలోకి తోయాలి. నేలమీద నడిచే మామూలు వెక్‌లు ప్రాణం ఎంతున్నా నీళ్లలో పడితే అంతే. ఎగిరేవాటికి ఆ భయం లేదు. మన మెక్‌లు కూడా మునిగిపోవు కానీ నీళ్లలో ఉన్నంతసేపూ ఆయుధం వాడలేవు.

తెరమీద అన్నీ కనిపిస్తాయంటారు కానీ అది పూర్తిగా నిజం కాదు. గేమ్ చూపించేది ఇప్పుడున్న బోర్డునే. మొదటి దాడిలో ఒక వెక్ చచ్చి పక్కకు తప్పుకుంటే, దాని వెనక నుంచి వచ్చే తూటా ఎంతదూరం పోతుందో మనమే ఊహించుకోవాలి. మన వంతు ముగిశాక ముందు మంట డ్యామేజ్, తర్వాత ఆ మిషన్‌లోని ప్రకృతి విపత్తు, తర్వాత వెక్‌ల దాడులు వాటి నంబర్ల వరుసలో, చివరికి నేలలోంచి కొత్తవి రావడం. దాడుల వరుస చూపించే బటన్ ఒకటుంది, దాన్ని నొక్కకుండా టర్ను ముగించకండి. మంటల్లో ఉన్న వెక్‌కి ఒక్క ప్రాణమే మిగిలితే దాని దాడి గురించి బెంగ అక్కర్లేదు, కొట్టకముందే చస్తుంది. అది తెలియక మెక్‌ని దానిమీద ఖర్చు పెట్టేవాళ్లు చాలామంది.

మెక్‌ల ప్రాణం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మిషన్ ముగియగానే మెక్‌లు పూర్తిగా బాగవుతాయి, గ్రిడ్ బాగవదు. కాబట్టి మెక్ ప్రాణం ఖర్చు పెట్టడానికే ఉంది. భవనానికి అడ్డంగా నిలబెట్టి దెబ్బ తినిపించండి. వెక్ పైకి వచ్చే గడిమీద నిలబడితే మెక్‌కి 1 డ్యామేజ్, ఆ వెక్ ఆ టర్ను బయటికి రాలేదు. మెక్ పూర్తిగా పడిపోతే మాత్రం అందులోని పైలట్ చనిపోతాడు, అది అసలైన నష్టం. పైకొచ్చే గడిమీదికి ఇంకో వెక్‌ని నెట్టగలిగితే మరీ మంచిది. దెబ్బ దానికి, లాభం మనకి.

ఇప్పుడు ఇబ్బందుల సంగతి. కొత్త వెక్ ఏ గడిలో వస్తుందో ఒక టర్ను ముందే తెలుస్తుంది, ఏ రకమో తెలియదు. వచ్చాక ఎటు వెళ్తుందో, ఏ భవనాన్ని ఎంచుకుంటుందో అసలే తెలియదు. పాచికలు పడేది ఇక్కడే. బోర్డుకి నాలుగు మూలలా నాలుగు ముప్పులు, మన దగ్గర మూడు పనులు, ఒక దెబ్బతో రెండు పనులు జరిగే దారి లేదు: ఇలాంటి టర్నులు హార్డ్ స్థాయిలో తరచూ వస్తాయి. అప్పుడు ఎంత ఆలోచించినా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఎక్స్‌కామ్‌లో గురి తప్పితే తప్పు అదృష్టానిది అనుకోవచ్చు. ఇక్కడ పరిష్కారం లేని టర్ను కూడా, ఉన్న పరిష్కారం మనకు తట్టలేదేమో అనిపిస్తుంది. పది నిమిషాలు తెరవైపు చూస్తూ కూర్చోబెట్టేది ఆ అనుమానమే. ఈ గేమ్‌లో నాకు అతిపెద్ద లోపంగా కనిపించేది ఇదే: పరిష్కారం ఉన్న టర్ను ఏదో, లేని టర్ను ఏదో ఎప్పటికీ చెప్పదు.

శాతాల్లో మిగిలింది గ్రిడ్ డిఫెన్స్. భవనం దెబ్బను తట్టుకునే అవకాశం మొదట 15 శాతం. దాన్ని నమ్ముకుని వేసే ఎత్తు ఎత్తు కాదు, తప్పని దెబ్బకు చివరి ఆశ మాత్రమే.

ఇలాంటి టర్నులు రాకుండా చూసుకునే పని మొదటి టర్నుకి ముందే మొదలవుతుంది. మెక్‌లను దించేటప్పుడు భవనాల మధ్య కాకుండా శత్రువుల వైపు ముందుకి దించండి, గురి వాటిమీదికి మళ్లే అవకాశం పెరుగుతుంది. ఆయుధం వాడనంతవరకు కదలికలను ఎన్నిసార్లైనా వెనక్కి తీసుకోవచ్చు. ముగ్గురినీ జరిపి చూసి, నచ్చకపోతే వెనక్కి తీసుకుని, అంతా తేలాకే మొదటి దెబ్బ వేయండి. టర్ను మొత్తాన్ని తిరగరాసే అవకాశం మిషన్‌కి ఒక్కటే ఉంటుంది, లెక్క తప్పినప్పటికి దాన్ని దాచుకోవాలి.

మెక్‌లను, ఆయుధాలను మెరుగుపరచడానికి వాడే రియాక్టర్ కోర్‌ల విషయంలో చాలామంది డ్యామేజ్ పెంచడానికి తొందరపడతారు. నేనైతే మొదటి కోర్‌ని ఆర్టిలరీ మెక్‌కి ఇస్తాను. భవనాలకు డ్యామేజ్ కాకుండా చేసే అప్‌గ్రేడ్‌కి ఒక్క కోర్ చాలు. ఆ మెక్ ఆయుధమైన ఆర్టెమిస్ గుండు పడిన గడికి 1 డ్యామేజ్ చేసి, చుట్టూ ఉన్న నాలుగు గళ్లలోని వాళ్లను బయటికి నెడుతుంది. ఈ అప్‌గ్రేడ్ ఉంటే నేరుగా భవనం మీదికే కాల్చి, దాన్ని చుట్టుముట్టిన వెక్‌లన్నిటినీ ఒకేసారి దూరం తోయొచ్చు. తర్వాతి కోర్ ఒక గడి ఎక్కువ కదలడానికి. ద్వీపం ముగిశాక, మిషన్లలో సంపాదించిన రెప్యుటేషన్‌తో చేసే కొనుగోళ్లలో కోర్ ధర 3, గ్రిడ్ పవర్ ఒక్కటికి 1. గ్రిడ్ నాలుగుకి పైన ఉంటే కోర్‌లే కొనండి.

దళాల మధ్య తూకం సరిగా లేదు. రిఫ్ట్ వాకర్స్ అన్ని రకాల బోర్డుల్లోనూ నెగ్గుకొస్తారు. స్టీల్ జుడోకా దళానికి సొంత డ్యామేజ్ తక్కువ. వెక్‌లు ఒకదాన్నొకటి కొట్టుకున్నప్పుడు డ్యామేజ్ పెంచే వెక్ హార్మోన్స్ మీదే దాని బతుకు. వెక్‌లు దూరదూరంగా వచ్చిన రోజు ఆ దళం చేతులు కట్టేసినట్టే. ఫ్లేమ్ బెహెమత్స్‌ది ఇంకో కష్టం: మంట టర్నుకి 1 డ్యామేజ్ చొప్పున మెల్లగా తింటుంది, కానీ భవనం మీద దాడి ఈ టర్నులోనే ఆగాలి. ఈ రెండు దళాలనూ హార్డ్‌లో మొదలుపెట్టడం వద్దు.

కథ పలచన. నాలుగు ద్వీపాల అధినేతలు నాలుగు ముక్కలు మాట్లాడతారు, మూడో ఆటకల్లా అవన్నీ విన్నవే అవుతాయి. మూడు నాలుగు మంచి కోర్‌లు పడ్డ దళం ముందు మూడో ద్వీపం తేలిపోతుంది, ఆ దశలో ఉత్కంఠ తగ్గడం నిజం. రెండు ద్వీపాలు పూర్తయ్యాక నేరుగా చివరి యుద్ధానికి వెళ్లే వీలు ఉంది కాబట్టి అలాంటప్పుడు అదే వాడుకోండి.

2022 జులైలో ఉచితంగా వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్ ఐదు కొత్త దళాలను, కొత్త శత్రువులను, ఆయుధాలను చేర్చింది. విసుగును అది చాలావరకు తీరుస్తుంది. కానీ కొత్త వెక్‌లతో లెక్కలు బాగా చిక్కబడతాయి. మొదటిసారి ఆడేవాళ్లు ఆ కొత్త సరుకును ఆపేసి, రిఫ్ట్ వాకర్స్‌తో నార్మల్‌లో రెండు ద్వీపాల విజయం ఒకటి సాధించాక దాన్ని తెరవడం మంచిది.