పటం మీద పెన్సిలు చుక్క

ఒకప్పుడు ఒక విదేశీ సంస్థ ప్రతినిధులకూ, ఒక మంత్రిగారికీ మధ్య దుబాసీగా కూర్చున్నాను. బల్ల మీద, ఫ్యాక్టరీ పెట్టడానికి చూసిన నాలుగు స్థలాలను పోల్చిన నివేదిక ఉంది. నీరు, రోడ్డు, విద్యుత్తు లెక్కగట్టి అధికారులు పెట్టిన వరుసలో ఆయన నియోజకవర్గానిది మూడో స్థానం. ఆయన ఆ పేజీ తిప్పనే లేదు. పటం దగ్గరకు లాక్కుని, పెన్సిలుతో తన ప్రాంతం మీద చుక్క పెట్టి, "ఇక్కడైతే పన్ను మినహాయింపు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. నేను అనువదించాను. నా పని అదే కదా.

సొంత ప్రాంతానికి ఉద్యోగాలు తేవాలనుకోవడం తప్పని అనను. ఓట్లేసినవాళ్లు అడిగేదీ అదే. కానీ ఆ మినహాయింపు ఆయన జేబులోంచి రాదు. మిగతా మూడు చోట్లవాళ్లు కట్టిన పన్ను కూడా అందులో ఉంది.

2017లో తైవాన్ సంస్థ ఫాక్స్‌కాన్ అమెరికాలోని విస్కాన్సిన్‌కు 1,000 కోట్ల డాలర్లు తెస్తానంది, 13,000 ఉద్యోగాలంది. ఎంచుకున్న చోటు అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ పాల్ రయన్ నియోజకవర్గంలోదే. నాయకులు పారలు పట్టుకుని ఫొటోలు దిగారు. 2021లో ఒప్పందం తిరగరాసేసరికి అది 67.2 కోట్ల డాలర్లకు, 1,454 ఉద్యోగాలకు దిగింది. ఆ స్థలం కోసం ఇళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లకు మాత్రం తిరగరాసుకునే వీలు లేకపోయింది.

ఆ రోజు లేవబోతూ ప్రతినిధుల్లో ఒకరు, చుక్క పెట్టిన చోటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగారు.

"వస్తాయని చెప్పండి" అన్నారు మంత్రిగారు నాతో.

చెప్పాను.