బిడ్డని చూడ్డానికి వెళ్తున్నారా, అయితే ముందు వాళ్ళమ్మ పరిస్థితి చూడండి

తెలిసినవాళ్ళకి పాపో బాబో పుట్టారని కబురు రాగానే మా ఫ్రెండ్స్ గ్రూపులో మొదలయ్యే చర్చ ఒకటే, ఏం గిఫ్ట్ తీసుకెళ్దాం అని. ఒకళ్ళు ఉయ్యాల అంటారు, ఇంకొకళ్ళు మనిషంత ఎలుగుబంటి బొమ్మ అంటారు, బ్యాటరీ వేస్తే పాటలు పాడే బొమ్మలు సరేసరి. నన్నడిగితే మాత్రం ఖాళీ చేతుల్తో వెళ్ళండి అంటా, పని చెయ్యడానికి అవే కావాలి కాబట్టి. (ఆ ఎలుగుబంటి ఎలాగూ మొదటి ఏడాది పిల్లాడి పక్కలో పెట్టకూడదు. చంటిపిల్లల్ని వెల్లకిలా, గట్టి పరుపు మీద, చుట్టూ దిండ్లు దుప్పట్లు బొమ్మలు ఏమీ లేకుండా పడుకోబెట్టాలని డాక్టర్లు చెప్తారు. అమెరికాలో 1994లో దీని మీద పెద్ద ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో హఠాత్తుగా పిల్లలు చనిపోవడం తర్వాతి ఏళ్ళలో సగానికి సగం తగ్గింది.)

పిల్లల్ని కని పెంచినవాళ్ళే కొన్నాళ్ళకి ఆ మొదటి వారాలు ఎలా గడిచాయో మర్చిపోతారు, అదేం విచిత్రమో. ఒకసారి లెక్క వేసుకోండి. అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది, అందులో రాత్రిపూటవి కూడా ఉంటాయి. రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటలు నిద్రపోతుందన్నది నిజమే గానీ ముక్కలు ముక్కలుగా, రెండేసి మూడేసి గంటలు. పాలు పట్టి, భుజాన వేసుకుని తేన్పు తెప్పించి, తడి బట్టలు మార్చి, జోకొట్టి పడుకోబెట్టి ఈవిడ నడుం వాల్చేసరికి మళ్ళీ ఏడుపు. దీనికి తోడు ఒళ్ళు ఇంకా కోలుకోలేదు, ఆపరేషన్ అయితే కుట్లు కూడా. బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో అని అందరూ చెప్తారు, మరి ఆ టైంలో బట్టలు ఎవరు ఉతుకుతారో మాత్రం ఎవరూ చెప్పరు.

ఏడుపు సంగతి విడిగా చెప్పుకోవాలి. పుట్టిన రెండో వారం దాటాక ఏడుపు పెరుగుతూ పోయి ఆరో వారం ఆ ప్రాంతంలో తారస్థాయికి వెళ్తుంది, తర్వాత మెల్లగా తగ్గి మూడు నాలుగు నెలలకి దారిలో పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు కూడా కారణం కనపడకుండా, ముఖ్యంగా సాయంత్రాలు, గంటల తరబడి ఏడుస్తారు. తమాషా ఏంటంటే చూడ్డానికి వచ్చేవాళ్ళ తాకిడి, సలహాల తాకిడి కూడా సరిగ్గా అప్పుడే. పాలు సరిపోవట్లేదేమో, నువ్వు సరిగ్గా ఎత్తుకోవట్లేదేమో, మా పిల్లలు ఇలా ఎప్పుడూ ఏడవలేదమ్మా అని తలా ఒక మాట వేసి వెళ్ళిపోతారు. నిద్రలేని ఆ తల్లి ఆ రాత్రంతా అదే మాట తలుచుకుని ఏడుస్తుంది. జ్వరం ఉన్నా, పాలు తాగకపోయినా, మూలుగుతున్నట్టు ఏడ్చినా, మగతగా పడి ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి, అందులో ఆలోచించేదేం లేదు. అవేవీ లేకుండా ఊరికే ఏడుస్తూ మన సహనం చచ్చిపోతోందనుకోండి, బిడ్డని క్షేమంగా ఉయ్యాల్లో పడుకోబెట్టి పక్క గదిలోకి వెళ్ళి ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకుని రావడం తప్పు కాదు. కోపంలో పట్టుకుని కుదిపితే మాత్రం మెదడుకి దెబ్బ తగుల్తుంది, ప్రాణానికే ముప్పు. ఈ ముక్క హాస్పిటల్ నుంచి ఇంటికి పంపేముందు తండ్రికీ తల్లికీ ఇద్దరికీ చెప్పాలి, చాలా చోట్ల చెప్పరు.

సరే, సాయం అంటే ఏంటి మరి. ఏమన్నా హెల్ప్ కావాలంటే అడుగు అనేది సాయం కాదు, మర్యాద. ఎవరూ అడగరు. బుధవారం పదింటికి వస్తా, గిన్నెలు కడిగి బట్టలు మడతపెట్టి పన్నెండింటికి వెళ్ళిపోతా, నువ్వు తలుపు తీసి వెళ్ళి పడుకో చాలు అనండి, అది సాయం. మామూలుగా జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. వచ్చినవాళ్ళు సోఫాలో కూర్చుని బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఫోటోలు దిగుతుంటారు, బాలింత లేచి వాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ ఉంటుంది. బిడ్డని ఎత్తుకోవద్దని కాదు, ఆవిడ తీరిగ్గా స్నానం చెయ్యడానికి ఎత్తుకోండి, ఓ గంట కునుకు తీయడానికి ఎత్తుకోండి. చేతులు కడుక్కుని ఎత్తుకోండి. జలుబు దగ్గు ఉంటే ఆ వారం మానెయ్యండి, మూతి మీద ముద్దులు అసలే వద్దు. పెద్ద పిల్ల ఇంకొకతి ఇంట్లో ఉంటే దాన్ని కాసేపు ఆడించడానికి బయటికి తీసుకెళ్ళండి, తమ్ముడు వచ్చినప్పట్నుంచి ఆ పిల్లని పలకరించే నాథుడే ఉండడు.

ఇదంతా పిల్లల ఎదుగుదలకి ఏం సంబంధం అంటారా. చాలా ఉంది, అసలు నేను చెప్పాలనుకున్నదే అది. హార్వర్డ్ యూనివర్సిటీలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసే సెంటర్ వాళ్ళ లెక్క ప్రకారం మొదటి కొన్నేళ్ళలో పిల్లల మెదడులో సెకనుకి 10 లక్షలకి పైగా కొత్త కనెక్షన్లు ఏర్పడతాయి. అవి ఏర్పడేది ఫ్లాష్ కార్డులతో కాదు. బిడ్డ ఊ అంటే మనం ఊ అనడం, అది ఫ్యాన్ వైపు చూస్తే ఫ్యాన్ తిరుగుతోందా నాన్నా అని మనమూ అటు చూడటం, నవ్వితే నవ్వడం, ఈ ఇచ్చిపుచ్చుకోవడాలతో. మరి నిద్ర లేక కళ్ళు మూతపడుతున్న మనిషి ఎన్ని ఊలు కొట్టగలదు చెప్పండి?

ఎడ్వర్డ్ ట్రోనిక్ అని ఒక సైకాలజిస్ట్ 1970ల్లో ఒక ప్రయోగం చేశాడు. తల్లి కొన్ని నెలల బిడ్డతో బాగా ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ముఖంలో ఏ భావం లేకుండా అలా చూస్తూ ఉండిపోవాలి, రెండు నిమిషాలు అంతే. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేకలేస్తుంది, ఎన్ని చేసినా అమ్మ పలకకపోయేసరికి మొహం తిప్పేసుకుని ఏడుపు. ఆ ప్రయోగం వీడియో చూసి భయపడి, అయ్యో నేను నిన్న అలసిపోయి పలకలేదే అని కూర్చునే తల్లులు ఉంటారు, వాళ్ళ కోసం ఇంకో విషయం. మామూలు తల్లీబిడ్డలు కూడా ఒకరికొకరు సరిగ్గా అందుకునేది మూడో వంతు టైం కూడా ఉండదని ఆయన పరిశోధనల్లోనే తేలింది. మిగతా టైం అంతా తప్పిపోవడం, మళ్ళీ కలుసుకోవడమే. అలా మళ్ళీ కలుసుకోవడమే బిడ్డకి ధైర్యం ఇస్తుందట. కాబట్టి ఎప్పుడో ఒకసారి విసుక్కుంటే కొంప మునగదు, తల్లి వారాల తరబడి ఎవరి అండా లేకుండా మొద్దుబారిపోతేనే ఇబ్బంది.

నాకు బాగా నచ్చింది జమైకా కథ. 1986-87లో కింగ్‌స్టన్‌లోని పేద బస్తీల్లో వయసుకి తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పిల్లల్ని తీసుకున్నారు, 9 నెలల నుంచి 2 ఏళ్ళ లోపు వాళ్ళు. శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే డాక్టర్ నడిపించిన పని ఇది. కొంతమందికి పోషకాహారం ఇచ్చారు, కొంతమంది ఇళ్ళకి మామూలు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట వెళ్ళారు, కొంతమందికి రెండూ, కొంతమందికి ఏదీ లేదు. రెండేళ్ళు. ఆ వెళ్ళినావిడ చేసిందేంటంటే పారేసే సీసాలు డబ్బాలతో చేసిన బొమ్మలు తీసుకెళ్ళి తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని బిడ్డతో ఎలా ఆడాలో చూపించడం, తల్లి ఆడుతుంటే భలే చేస్తున్నావే అని మెచ్చుకోవడం, ఆ బొమ్మలు అక్కడే వదిలేసి పై వారం ఇంకోటి తేవడం. 20 ఏళ్ళ తర్వాత వాళ్ళని వెతికి పట్టుకుని చూస్తే, ఇంటికి మనిషి వెళ్ళిన పిల్లల సంపాదన అలా వెళ్ళనివాళ్ళ కంటే 25 శాతం ఎక్కువ ఉంది, 2014లో సైన్స్ పత్రికలో వేశారు. ఉత్తి ఆహారం ఇచ్చినవాళ్ళలో సంపాదన విషయంలో ఆ తేడా కనపడలేదు. తిండి అక్కర్లేదని కాదు దీనర్థం, దయచేసి అలా తీసుకోకండి. నన్ను కట్టిపడేసింది ఆ మెచ్చుకోలు. ఇంటికొచ్చిన మనిషి బిడ్డకి పాఠం చెప్పలేదు, తల్లికి తప్పులూ పట్టలేదు, ఆవిడ మీద ఆవిడకే నమ్మకం కలిగించి వచ్చింది. అదే పద్ధతి తర్వాత బంగ్లాదేశ్, కొలంబియా లాంటి చోట్ల కూడా వాడారు.

ఆటలు అంటారా, ఖరీదైనవేం అక్కర్లేదు. పుట్టిన బిడ్డకి కళ్ళు బాగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం, అంటే పాలు తాగేటప్పుడు అమ్మ మొహం ఎంత దూరంలో ఉంటుందో అంత. కాబట్టి మొదటి బొమ్మ మన మొహమే. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మనల్ని చూసి నవ్వడం మొదలవుతుంది, అప్పట్నుంచి మనకీ ఓపిక వస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు మనం పక్కనే ఉండి కాసేపు బోర్లా పడుకోబెట్టాలి, పాకే లోపు పిల్లలకి రోజు మొత్తం మీద కొంచెం కొంచెంగా 30 నిమిషాలన్నా అలా ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ 2019లో చెప్పింది, మెడా భుజాలూ గట్టిపడతాయి. బట్టలు మార్చేటప్పుడు ఇప్పుడు చెయ్యి తీద్దామా, ఇదిగో రెండో చెయ్యి అని వాగుతూ ఉండటమే చదువు. ఎనిమిది నెలలు వచ్చేసరికి గుడ్డ కింద దాచిన వస్తువు కోసం వెతకడం మొదలుపెడతారు, కనపడకపోయినా అక్కడే ఉందని అప్పుడే తెలుస్తోందన్నమాట. చేతులతో మొహం మూసుకుని బూ అంటే అంత పడీపడీ నవ్వేది కూడా అందుకే.

ఫోన్ గురించి మళ్ళీ నా చేత క్లాస్ పీకించుకోవద్దు. రెండేళ్ళ లోపు స్క్రీన్ వద్దన్నది ఆ డబ్ల్యూహెచ్‌ఓ మాటే. ఎందుకో చెప్పే ప్రయోగం ఒకటుంది, ప్యాట్రీషియా కూల్ అనే ఆవిడ 2003లో 9 నెలల అమెరికన్ పిల్లలకి చైనీస్ మాటలు వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాషలోని శబ్దాలు పట్టుకున్నారు, అదే మనిషి అవే మాటలు టీవీలో చెప్తే ఏమీ ఎక్కలేదు. అయితే నాన్నమ్మతో వీడియో కాల్ వేరు, అటువైపు మనిషి పిల్లాడు చేసేదానికి తిరిగి పలుకుతోంది కాబట్టి దాన్ని ఈ లెక్కలో వెయ్యక్కర్లేదు.

పోలికలు ఇంకో రోగం. పక్కింటి పాప పదో నెలకే నడిచింది అని ఎవరో అంటారు, ఇక ఇంట్లో నిద్ర ఉండదు. డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు ఇండియా, ఘానా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనిస్తే సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా వచ్చింది, అంటే తొమ్మిది నెలల తేడా మామూలే. 4.3 శాతం మంది అసలు మోకాళ్ళ మీద పాకనే లేదు. మా పెద్దాడు ఆ బాపతే, కూర్చుని జరుగుతూ ఇల్లంతా తుడిచి ఒకరోజు లేచి నడిచాడు. కానీ దీని అర్థం అన్నిటికీ ఆగమని కాదు. ఏడాది నిండినా ముద్దు మాటలు, టాటా చెప్పడం, వేలుతో చూపించడం లాంటివి లేకపోతే, 16 నెలలకి ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకి రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోతే, లేదా ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే డాక్టర్‌కి చూపించి చెవులు కూడా టెస్ట్ చేయించాలి. వాళ్ళ నాన్న కూడా లేటుగానే మాట్లాడాడులే అనే మాటతో ఎన్ని ఇళ్ళల్లో విలువైన ఏడాది పోతుందో. చూపించాక ఏం లేదంటే మంచిదే కదా.

చివరిగా తల్లి మనసు. కాన్పైన రెండు మూడు రోజులకి ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకి నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ అయ్యుండొచ్చు, దానికి వైద్యం ఉంది. ఈ డిప్రెషన్ ఉందేమో చూడ్డానికి 1987లో ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేశారు, ఐదు నిమిషాల పని, టీకాల కోసం వెళ్ళినప్పుడు అడిగితే డాక్టర్లు ఇవ్వగలరు. తండ్రుల్లో కూడా సుమారు పది మందిలో ఒకరికి ఇది వస్తుంది, వాళ్ళు చెప్పరు, ఆఫీసులో ఎక్కువసేపు ఉండిపోతారు, చికాకు పడతారు. చచ్చిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డకి ఏదన్నా చేసేస్తానేమో అన్నా, లేని మాటలు వినపడుతున్నాయన్నా అది ఎమర్జెన్సీ, ఒంటరిగా వదలకుండా అదే రోజు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి.

నెదర్లాండ్స్‌లో కాన్పైన మొదటి వారం రోజులకి పైగా ఇంటికే శిక్షణ ఉన్న మనిషి వచ్చి తల్లినీ బిడ్డనీ చూసుకునే ఏర్పాటు ఉంది. అంత ఏర్పాటు లేనిచోట ఆ పని స్నేహితులూ బంధువులే పంచుకోవాలి, తప్పదు. అందరూ మొదటి వారాల్లోనే ఎగబడకుండా ఒక లిస్ట్ వేసుకుని వంతులు పెట్టుకుంటే బాగుంటుంది, మేం మా గ్రూపులో ఇప్పుడు అలాగే చేస్తున్నాం. రెండో నెల దాటేసరికి వచ్చేవాళ్ళు తగ్గిపోతారు, తండ్రి సెలవులు అయిపోతాయి, తోడుగా ఉన్న పెద్దవాళ్ళు కూడా వెళ్ళిపోతారు. మా లిస్టులో ఎక్కువ పేర్లు ఆ నెలల్లోనే రాస్తాం.