కవర్లు లేవమ్మా, సంచి తెచ్చారా?

నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఒకావిడ మా అంగడికి వచ్చింది. చేతిలో ఫోను తప్ప ఏమీ లేదు. అర కిలో కందిపప్పు, పావు కిలో చింతపండు, కొబ్బరికాయ, రెండు సబ్బులు అడిగింది. అన్నీ బల్ల మీద పెట్టాక "అన్నా, ఒరు కవర్ కుడుంగ" అని తమిళంలో కవరు అడిగింది. కవర్లు లేవమ్మా అన్నాను. సామాన్ల వంక ఒకసారి చూసి, వద్దులే అని అన్నీ అక్కడే వదిలేసి ఎదురు అంగడికి వెళ్లింది. వాళ్లు నల్ల కవర్లో వేసి ఇచ్చారు, నా కళ్ల ముందే.

రాత్రి అంగడి కట్టేశాక కూడా అది మనసులోంచి పోలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చెన్నైలోని పెరంబూరులో మాది చిన్న కిరాణా అంగడి. మా నాయన కావలి నుంచి వచ్చి పెట్టింది. తమిళనాడులో ప్లాస్టిక్ నిషేధం 2019 జనవరి 1న మొదలైంది. 2018 జూన్ 5నే ప్రభుత్వం చెప్పేసింది కాబట్టి సర్దుకోవడానికి ఆరు నెలల పైనే టైమ్ దొరికింది. మొత్తం 14 రకాలు: టీ కప్పులు, స్ట్రాలు, నీళ్ల ప్యాకెట్లు, హోటళ్లలో టేబుల్ మీద పరిచే షీట్లు కూడా. క్యారీ బ్యాగు మాత్రం మందం ఎంతైనా సరే కుదరదన్నారు. చట్టంలో నాకు బాగా నచ్చిన మాట అదే.

ఎందుకంటే దేశం మొత్తానికి ఉన్న రూల్ మందం మీద నడుస్తుంది, ఇంతకన్నా పల్చటి కవరు ఇవ్వకూడదని. ముందు 50 మైక్రాన్లు, 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120. కవరు మందంగా ఉంటే ఖరీదు పెరుగుతుంది, ఎవరూ ఊరికే ఇవ్వరు, చెత్త ఏరుకునేవాళ్లకి కూడా నాలుగు డబ్బులు వస్తాయి. ఆలోచన మంచిదే. కానీ మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. బల్ల దగ్గర నిలబడి వేళ్లతో తడిమి ఇది 50, ఇది 75 అని ఎవరు చెప్పగలరు? కవర్లు వేసేవాడు ఏ నంబరు చెబితే అదే నమ్మాలి. అసలే వద్దంటే ఆ గొడవ ఉండదు.

నిషేధం మొదలైన ఆ జనవరిలో నాయన అటక మీంచి పురికొస ఉండ దించాడు. న్యూస్‌పేపర్ సిరా తినే వస్తువులకి అంటకూడదని ఖాకీ కాగితం కొనుక్కొచ్చాం. కాగితాన్ని ఎడమ అరచేతిలో శంఖంలా చుట్టి, కింది మొనని లోపలికి మడిచి, పప్పు పోసి, పైన మూడు మడతలు వేసేవాడు. తర్వాత పురికొస అడ్డంగా రెండు చుట్లు, నిలువుగా ఒకటి. కొసని చూపుడు వేలికి మెలేసి ఒక్క లాగు లాగితే పుటుక్కున తెగేది. డెబ్బై దాటిన మనిషి, చేతులు వణుకుతుండేవి, పొట్లం మాత్రం బిగుతుగా కూర్చునేది. పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడాయన లేడు. ఆ పురికొస ఉండ వేలాడదీసిన మేకు అక్కడే ఉంది, కింద కూర్చుని పొట్లాలు కట్టేది నేను.

ఇడ్లీ పిండి దగ్గర మాత్రం చాలా తిప్పలు పడ్డాం. అది పొట్లం కట్టే వస్తువు కాదు కదా. డబ్బా తెచ్చుకోమంటే, స్టీలు డబ్బా బరువు కూడా పిండిలో కలిపేస్తున్నారేమో అని జనానికి అనుమానం. ఖాళీ డబ్బా పెట్టి, కాటా మీద సున్నా చూపించి, అప్పుడు పిండి పోసినా నమ్మని వాళ్లున్నారు. చివరికి తూకమే మానేసి లీటరు కొలత తెచ్చాను. కొలత అంచు దాకా నిండటం వాళ్లకే కనిపిస్తుంది. ఆ రోజు నుంచి ఆ గోల లేదు.

ఇంకొకటి చెప్పాలి. గుడ్డలా కనిపించే రంగురంగుల సంచులు, పైన సన్నని చుక్కల అచ్చులుంటాయే, చాలామంది వాటిని గుడ్డే అనుకుంటారు. ఒక అంచు చింపి దారం లాగి చూడండి. దారం రాదు, పీచు వస్తుంది. అది నేసింది కాదు, ప్లాస్టిక్ పీచుని వేడి చేసి నొక్కింది. 2019 జాబితాలో దాని పేరు కూడా ఉంది.

నాకెందుకింత పట్టుదల అంటే, 2015 డిసెంబరు మర్చిపోలేను. మా వీధిలో నీళ్లు నడుం దాకా వచ్చాయి. బియ్యం బస్తాలు నానిపోయాయి, చక్కెర నీళ్లలో కరిగిపోయింది. అంత వానకి ఊరంతా మునిగింది, కవర్ల వల్లే మునిగిందని నేననను. కానీ వాన ఆగాక కూడా మా వీధి నీళ్లు రెండు రోజులు కదల్లేదు. కుర్రాళ్లతో కలిసి కాలువ మూత ఎత్తి చెయ్యి పెడితే ముద్దలు ముద్దలుగా కవర్లే వచ్చాయి. బురదతో బిగుసుకుపోయి, లాగితే తెగకుండా సాగుతూ వచ్చాయి. అందులో మా అంగట్లో ఇచ్చినవి కూడా ఉంటాయి. ఆ కాలువ నీళ్లు ఓటేరి నాలాలో కలిసి బకింగ్‌హామ్ కాలువకి పోవాలి. అడ్డుపడ్డ కవర్లని ఎత్తిపోస్తే కొడుంగైయూరు చెత్తకుప్పకి లారీల్లో పోతాయి. అది మాకు దూరమేం కాదు, అక్కడ నిప్పంటుకుంటే పొగ మా మేడ మీదికే వస్తుంది.

మొదటి ఏడాది చాలామంది సంచులతో వచ్చారు. కరోనా తర్వాత మెల్లగా జారిపోయింది. ఇప్పుడు వారానికోసారి ఒకతను బండి మీద వచ్చి, సీటు కిందినుంచి కవర్ల కట్ట తీసి "వేణుమా?" అంటాడు, కావాలా అని. అతన్ని ఎవరూ ఆపరు. చెకింగ్‌కి వచ్చేవాళ్లు నేరుగా బల్ల దగ్గరికే వస్తారు. ఫైన్ మా వీధిలో కూరగాయల బుట్ట పెట్టుకున్న ముసలమ్మకి పడింది, కవరు తయారు చేసినవాడికి కాదు. నేను చట్టాన్ని తప్పు పట్టడం లేదు. ఆ చట్టాన్నే గోడౌన్ దాకా, మిషన్ దాకా తీసుకెళ్లమంటున్నాను. కవరు తయారవకపోతే ఎదురు అంగడి వాళ్లకీ దొరకదు, నా బేరమూ పోదు.

2021 డిసెంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ 'మీండుం మంజప్పై' అని మొదలుపెట్టినప్పుడు నాకు నిజంగా సంతోషం వేసింది. మళ్లీ పసుపు సంచి అని అర్థం. ఒకప్పుడు ఇక్కడ పెళ్లికి వెళ్తే తాంబూలం ఆ సంచిలోనే ఇచ్చేవాళ్లు. అది పట్టుకుంటే పల్లెటూరివాళ్లనుకుంటారని జనం మానేశారు. కోయంబేడు మార్కెట్లో 10 రూపాయలు వేస్తే సంచి వచ్చే మిషన్ కూడా పెట్టారు.

మా అంగట్లో మిషన్ లేదు. గోడకి పది మేకులు కొట్టి, ఇంట్లో ఉన్న తాంబూలం సంచులన్నీ ఉతికి తగిలించాను. సంచి మర్చిపోయినవాళ్లు ఒకటి పట్టుకెళ్లొచ్చు, మళ్లీ వచ్చినప్పుడు తెస్తే చాలు, డబ్బులేం వద్దు. నిన్న సాయంత్రానికి అన్నీ బయటికి పోయాయి, గోడ ఖాళీ. ఒక్కటి మిగిలున్నా ఆవిడ కందిపప్పు మా దగ్గరే కొనేది.

పెరంబూరు చుట్టుపక్కల ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంట్లో బీరువా అడుగున మడతపెట్టిన పెళ్లి సంచులు ఉంటాయి. పేర్లు చెరిగిపోయినా పర్లేదు, పిడి ఊడినా మా ఆవిడ కుట్టేస్తుంది. నాకు మెసేజ్ పెట్టండి, నేనే వచ్చి తీసుకుంటాను.