నేను వేసే పౌడర్ లెక్క ఎందుకు చెప్పనంటే

డాలస్ దగ్గర ఉంటాం. జింకల సీజన్‌కి కావాల్సిన .308 విన్‌చెస్టర్ తూటాలు ఇంట్లో నేనే లోడ్ చేసుకుంటాను. అంటే కేస్ (ఇత్తడి తొడుగు) అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ పెట్టి, లోపల పౌడర్ (మందుగుండు) పోసి, పైన బుల్లెట్ ఎక్కించడం. ఈమధ్య కొత్తగా రైఫిల్ కొన్న మన కుర్రాళ్ళు "అన్నా, నువ్వు పౌడర్ ఎన్ని గ్రెయిన్లు వేస్తావు?" అని అడుగుతున్నారు. ఎవరడిగినా ఆ అంకె మాత్రం చెప్పను. చెప్తే ప్రమాదం.

.308కి అమెరికా ప్రమాణాల సంస్థ శామి పెట్టిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. అది పుట్టేది మన చెంపకు జానెడు దూరంలో. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములే. గరిష్ఠ లోడ్ దగ్గర ఆ కొంచెం తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

నా అంకె నా బ్యారెల్‌కి, నా కేస్‌లకి, నా ప్రైమర్‌కి, నా బుల్లెట్‌కి కలిపి కుదిరింది. వాటిలో ఏది మారినా అది పనికిరాదు. మిలిటరీ కేస్‌ల గోడలు సాధారణంగా మందంగా ఉంటాయి, లోపల చోటు తక్కువ. అదే పౌడర్ వేస్తే పీడనం పెరుగుతుంది. మాగ్నమ్ ప్రైమర్ (ఎక్కువ మంట ఇచ్చేది) పెట్టినా, బుల్లెట్‌ని మరీ లోపలికి నొక్కినా అంతే. జనవరి చలిలో బాగున్న లోడ్ ఇక్కడి ఆగస్టు ఎండలో బోల్ట్ (తూటా వెనక రైఫిల్‌ని మూసే భాగం) పట్టేసేలా చేయొచ్చు. అందుకే పౌడర్ కంపెనీ కొత్త మాన్యువల్ తెరిచి, అందులో ఇచ్చిన స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టాల్సిన తక్కువ లెక్క) నుంచే మొదలుపెట్టండి. ప్రైమర్ చదునైపోయినా, కేస్ అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేస్‌ని బయటికి నెట్టే భాగం) గుర్తు మెరుస్తున్నా, బోల్ట్ ఎత్తడం కష్టమైనా అక్కడితో ఆపేయాలి. ఇవి కనిపించలేదంటే అంతా క్షేమం అని కాదు. కొన్నిసార్లు పీడనం హద్దు దాటాకే ఇవి బయటపడతాయి.

నాకు అన్నిటికంటే భయం వేసేది పౌడర్ డబ్బాల విషయంలో. ఐఎమ్ఆర్ 4831, హెచ్4831 రెండూ వేర్వేరు పౌడర్లు. మొదటిది త్వరగా మండుతుంది. అంకె ఒకటే కదా అని ఒకదాని డేటాతో ఇంకొకటి వేస్తే రైఫిల్ పేలిపోవచ్చు. పిస్టల్ పౌడర్ పొరపాటున రైఫిల్ కేస్‌లో పడితే ఇంకా ఘోరం. నా బెంచ్ మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే ఉంటుంది. పని అవగానే మెజర్‌లో (పౌడర్ కొలిచి పోసే సాధనంలో) మిగిలింది దాని డబ్బాలోకే పోస్తాను. ఏ పౌడరో తెలియకపోతే వాడను. డబ్బా మూత తీయగానే ఘాటైన పుల్లటి వాసన వచ్చినా, లోపల ఎర్రటి దుమ్ములాంటిది కనిపించినా అది పాడైపోయినట్టే.

స్కేల్‌ని చెక్ వెయిట్‌తో చూసుకుంటాను. ఫ్యాన్ ఆపేస్తాను. ఫోన్ పక్క గదిలో. పౌడర్ పోశాక కేస్‌లన్నీ బ్లాక్‌లో (గుంటలున్న పలకలో) నిలబెట్టి, టార్చ్ వేసి మట్టం ఒక్కటిగా ఉందో లేదో చూశాకే బుల్లెట్లు ఎక్కిస్తాను. మధ్యలో ఎవరైనా పిలిస్తే, అప్పుడు చేతిలో ఉన్న కేస్‌ని ఖాళీ చేసి మళ్ళీ తూచి పోస్తాను.

పాత కేస్‌ల లోపల చివర వంచిన పేపర్ క్లిప్‌తో గీకి చూడండి. అడుగుకి కాస్త పైన గాడి తగిలితే ఆ కేస్ చీలబోతోందని అర్థం, పారేయండి. ప్రైమర్ ధూళిలో సీసం ఉంటుంది కాబట్టి టంబ్లర్‌ని (కేస్‌లు శుభ్రం చేసే యంత్రాన్ని) పిల్లలు తిరిగే గదిలో పెట్టొద్దు. చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఇది అక్కడ ప్రయత్నించే పని కాదు.

రేంజ్‌లో ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. శబ్దం మామూలుగా కాకుండా 'టుస్సు'మని వస్తే ఇంకో తూటా ఎక్కించొద్దు. అలాగే ఆగి, తర్వాత రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి గొట్టంలోకి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. లోపల బుల్లెట్ ఇరుక్కుని ఉంటే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి.